ఇరవైమూడో ప్రశ్న

బంగారుపాళ్యం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
టాబ్లెట్ పట్టుకోని నిలబడినాను.
నలభై ప్రశ్నలు. దేనికైనా ఒకటి నుంచి అయిదు లోపలే జవాబు.
‘వయోజనులలో విశ్వ పౌరసత్వ నైపుణ్యాల కొలత’
అని పైన రాసుంది.
ఆ పేరు ఒక్క గుక్కలో చదవడం నాకే చేతకాలేదు.

షిఫ్టు దిగొచ్చింది మొగిలమ్మ.
మోచేతుల దాకా బెంగళూరు కాయ రసం,
సొన కాల్చిన వేళ్ళ సందులు.
"బిరీన అడుగబ్బా, తవణంపల్లె బస్సు పోతాది."

పటంలో అయిదు దేశాలు చూపించమన్నాను.
తెర మింద వేలు పెట్టి చానాసేపు వెతికింది.
"మా ఊరే కనబళ్ళేదే దీంట్లో."

విదేశీ భాష?
"అరవం విదేశమా?"
కాదమ్మా.
"అట్లయితే ఏం లేదు. ఒరిస్సా పిల్లకాయలతో వాళ్ళ మాట,
మేస్త్రీతో ఉర్దూ,
నేపాలు వాచిమేనుతో సైగ."
సైగకి గడి లేదు. ఒకటి నొక్కినాను.

వేరే దేశాల సంగతులు మీ బతుకును తాకుతాయా?
గోడ పక్కన పేర్చిన నీలం డ్రమ్ముల దిక్కు చూసింది.
"యాడనో సముద్రంలో ఓడలు నిలిపేసినారంట ఆ యేడు.
డ్రమ్ములు కదల్లేదు.
మా మరిది ట్రాక్టరు కాయను
రోడ్డు మింద పారబోసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పండుకున్నాడు.
నువ్వే వేసుకో ఒకటో రెండో."

ఇరవైమూడు.
ఎన్నడూ చూడని మనుషుల పట్ల బాధ్యత ఉందని భావిస్తారా?
"అంటే?"
మళ్ళీ చదివినాను.
మెల్లగా చదివితే నాకూ అర్థం కాకుండా పోయింది.

ఆమెనే అందుకునింది:
"కుళ్ళిన కాయ బెల్టు మింద పోతావుంటాది నైనా.
సూపర్వైజరు చూడడు. చూసినా పోనీ అంటాడు.
నేను తీసి పారేస్తా.
ఆ డబ్బా యా దేశం పోతాదో, యా పసిబిడ్డ తాగుతాదో.
బిడ్డకి వాంతులైతే వాళ్ళమ్మ ఎవుర్ని తిట్టాల?
నా పేరు గూడా తెలీదే ఆమెకి!"

హారన్ వినబడింది.
చెంగు దోపుకోని పరిగెత్తింది.
మెట్టెక్కుతా వెనక్కి తిరిగి,
"అవునుబ్బా, దీంట్లో నీకెన్నొచ్చినాయి?"
నన్నెవరూ అడగలేదని చెప్పేలోగా
బస్సు మలుపు తిరిగింది.

గడి నింపకపోతే ముందుకు పోనియ్యదు ఈ యాప్.
వెనక్కి, వెనక్కి నొక్కితే మళ్ళీ పటం.
ఊరు వెతికిన వేలి గుజ్జు
తెర మింద అట్లనే ఉంది,
సగం నీళ్ళ మింద, సగం నేల మింద.
ఈగ ఒకటి వచ్చి వాలింది.