పన్నెండో వంతు

ఉరవకొండ హైస్కూలు వరండాలో,
లెక్కల్లో తప్పిన తొమ్మిదిమందికి
సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా.
ఒకటే ట్యూబులైటు. అదీ కాసేపు ఆలోచించుకుని వెలుగుతుంది.

బోర్డు మీద పుస్తకంలోని లెక్క:
ఒక రైతు తన పంటలో మూడో వంతు గుత్తకిచ్చాడు,
నాలుగో వంతు విత్తనాల బాకీకి జమ చేశాడు,
పది మూటలు మిగిలాయి.
మొత్తం ఎన్ని మూటలు?

తెలియనిదానికి ముందొక పేరు పెట్టాలి, అన్నాను.
ఎక్స్ అనుకుందాం.
"అనుకుంటే సాలునా సా?" వెనక నుంచి ఎవరో.
సాలు. లెక్కల్లో అనుకోవడానికి ఖర్చు లేదు.

మూడుకీ నాలుగుకీ కసాగు పన్నెండు.
పన్నెండు పాళ్ళలో నాలుగు పోయె, మూడు పోయె,
మిగిలినవి ఐదు.
ఐదు పాళ్ళు పది మూటలైతే
ఒక పాలు రెండు మూటలు.
పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు.
సరిచూడండి: ఎనిమిది, ఆరు, పది.
కింద రెండు గీతలు కొట్టండి.
జవాబు పక్కన మూటలు అని రాయకపోతే
అర మార్కు పోతుంది.

రెండు గీతలూ కొట్టి హులిగెమ్మ
పేజీ తిప్పి ఇంకో లెక్క మొదలుపెట్టింది,
పుస్తకంలో లేనిది.
వన్నూరప్ప కూతురు. గోళ్ళ సందుల్లో
శెనక్కాయలు పీకిన ఎర్రమట్టి ఇంకా పోలేదు.

కోరుకు సగం.
మందులంగడికి మూడో వంతు.
ట్రాక్టరుకూ వడ్డీకీ కలిపి నాలుగో వంతు.
"ఎంత మిగులుతాది సా?"

హారాలు సమానం చెయ్యి, అన్నాను.
హారమన్న మాటకు పక్కపిల్ల నవ్వింది,
వాళ్ళమ్మది బ్యాంకులో ఉందట.

ఆరు పాళ్ళు. నాలుగు పాళ్ళు. మూడు పాళ్ళు.
కూడింది. చెరిపింది.
వేళ్ళ మీద మళ్ళీ కూడింది.
"పన్నెండు పాళ్ళ పంటలో
పదమూడు పాళ్ళు పంచినాడు సా, మా నాయన."

తీసెయ్యమన్నాను.
ఎక్సులో పన్నెండో వంతు వచ్చింది,
దాని ముందొక చిన్న అడ్డగీత.

దాన్ని ఋణ సంఖ్య అంటారని
రెండు నెలలుగా చెబుతున్నాను,
ఉష్ణమాపకం బొమ్మ గీసి, సున్నాకు కింద మంచు అని.
ఉరవకొండలో మంచు!
ఈ పొద్దు బొమ్మ అక్కర్లేకపోయింది.

"ఎక్స్ ఎక్కువనుకుందాం సా.
వానొచ్చిందనుకుందాం."
అనుకున్నాం.
ఇరవై నాలుగు మూటలు పండితే రెండు మూటలు అప్పు.
నలభై ఎనిమిది పండితే నాలుగు.
నూటఇరవై దాకా పోయింది పిల్ల, పెన్ను ఆపకుండా.
పది.
పంట పెరిగేకొద్దీ
అడ్డగీత పక్కన అంకె లావైతా పోయింది.

చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను,
ఏ మెట్టు దగ్గర తప్పుందో వెతుకుతూ.
మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఒక్కో వంతూ మళ్ళీ కలిపి సరిచూసుకుని
"సరిపోయింది సా" అంది.
జవాబు కింద రెండు గీతలు కొట్టింది.
పక్కన మూటలు అని రాసి,
దాన్ని కొట్టేసి,
వాళ్ళ నాయన పేరు రాసింది.