ఒక్క గుటక

గ్లాసులు కడిగేవాణ్ణి నేను.
ఎవరు ఎంత మిగిల్చారో
నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

పోర్తోకి అవతలి ఒడ్డున,
తడి రాయి వాసన వేసే గిడ్డంగిలో,
ఉత్తరపు కిటికీ కింద పొడుగాటి బల్ల.
తెల్లకాగితం పరిచి పదకొండు గ్లాసులు పెట్టాను.
ఎర్ర వైన్లు అయిదు, తర్వాత పోర్టులు ఆరు,
చిన్న వయసు నుంచి పెద్ద వయసుకి.
సీసాలకు గోనెగుడ్డ తొడిగాను.
ఏది ఏ సంవత్సరమో
నా జేబులో కాగితానికే తెలుసు.

వచ్చినవాళ్ళు ముగ్గురు.
కొనడానికొచ్చిన వాల్దెమార్, కొత్త బూట్లు కిర్రుమంటూ.
యజమాని మేనల్లుడు ఇనాసియో,
జలుబు చేసింది, పైకి చెప్పడు.
డోనా లియోకాదియా,
నలభై ఏళ్ళుగా ఈ ఇంటికి నాలుక.

తాగడానికి కాదు వీళ్ళు వచ్చింది,
పుక్కిలించి ఉమ్మడానికి.
రాగి పాత్ర చేతులు మారుతూ ఉంటుంది.

మొదటిది ఇంకా పచ్చి కోపంలో ఉంది,
దాని వగరు చిగుళ్ళను పట్టుకుని వదల్లేదు.
రెండోది ఎండలు మండిన ఏడాదిది,
తీగ మీదే సగం ఎండిపోయిన పండు,
అన్నీ ఒక్కసారే చెప్పేయాలన్న తొందర.
మూడోదానికి వాల్దెమార్ కళ్ళు మూసుకుని
"తోలు, పొగాకు, చెర్రీ గింజ" అన్నాడు.
ఇనాసియో ముక్కు ఎగబీల్చి అవునవునన్నాడు.
నాలుగుకీ అయిదుకీ తేడా ఎవరికీ తెలియలేదు.
తెలియలేదని ఎవరూ అనలేదు.

పోర్టుల దగ్గరకొచ్చేసరికి గదిలో గొంతులు తగ్గాయి.
పులుస్తూ ఉండగానే బ్రాందీ పోసి
నోరు మూయించిన తీపి ఇది.
సగంలో ఆగిన మాట,
మిగతా సగం యాభై ఏళ్ళకు గానీ బయటికి రాదు.
ఒకదానిలో అత్తిపండు, ఒకదానిలో కమలా తొక్క,
ఒకటి అక్రోటు పప్పులా నాలుక చివర చేదు మిగిల్చింది.
పెన్సిళ్ళు గీస్తున్నాయి. పద్దెనిమిది. పదిహేడున్నర.

పదో గ్లాసు.
వెలిసిన ఇటుక రంగు.
వాల్దెమార్ పెదవి విరిచాడు.
"పలచన. నడుము లేదు.
తొక్కినవాళ్ళ కాళ్ళలో బరువు లేదు" అని నవ్వి
ఇరవైకి పదకొండు వేశాడు.

రాగి పాత్ర లియోకాదియా ముందుకు జరిపాను.
ఆవిడ దాని వైపు చూడలేదు.
గుటక వినిపించింది నాకు.
నలభై ఏళ్ళలో ఈ బల్ల దగ్గర మొదటి గుటక అది.

జేబులో కాగితం తీసి చూశాను.
డెబ్బై రెండు.

అందరూ వెళ్ళాక కుళాయి దగ్గరకొచ్చి
చేతులు కడుక్కుంటూ చెప్పింది,
నాకు కాదు, నీళ్ళకు చెప్పినట్టు.

"ఆ ఏడు మా కొండ మీద మగవాళ్ళు లేరు.
సగం మంది అంగోలాలో తుపాకులతో,
సగం మంది ఫ్రాన్సులో ఇటుకలు మోస్తూ.
వాన ఆగలేదు.
తొట్టిలో ఆడదాని కాలు పడితే
వైను చెడుతుందని మా మామ్మ నమ్మకం.
ఆ మామ్మే ముందు పావడా మోకాళ్ళ పైకి దోపింది.
పద్నాలుగు మందిమి,
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి,
ఎడమ, కుడి, ఎడమ, కుడి, అర్ధరాత్రి దాకా.
నాకు పదహారు. చలికి తొడలు కొయ్యబారాయి.
అంతకుముందు చలికాలమంతా
చెస్ట్‌నట్లు ఉడకేసుకుని బతికాం.
బరువెక్కణ్ణుంచి వస్తుంది?
సరిగ్గానే పట్టాడు వాల్దెమార్."

బల్ల మీద ఆవిడ కాగితం ఉండిపోయింది.
పదో గ్లాసు ఎదురుగా, గట్టిగా ఒత్తి రాసిన అంకె:
పది.
వాల్దెమార్ కన్నా ఒకటి తక్కువ.

అన్ని గ్లాసుల్లోనూ వేలెడు మిగిలింది, పారబోశాను.
ఆవిడ పదో గ్లాసులో
పారబోయడానికేమీ లేదు.
దాన్ని చివరికి ఉంచి
చాలాసేపు కడిగాను.