పదకొండో కాగితం

రాత్రి రెండున్నరకి ఓగికుబోలో
చిజురు తలుపు కొడతాను.
నా పని కవర్లు మోయడం, బొమ్మలు కాదు.

"ఇంకొక్కటి" అంటుంది తల తిప్పకుండా.
ఆ ఒక్కటి కోసం
గుమ్మంలో బూట్లు విప్పి నిలబడతాను, హెల్మెట్ చంకలో.

కథలో ఒక ముసలాయన నేల మీంచి లేవాలి. అంతే.
మాటల్లేవు, సంగీతం లేదు.
ఆమె కుర్చీ పక్కకి తోసి
తనే చాప మీద కూర్చుంటుంది, లేస్తుంది,
మళ్ళీ కూర్చుంటుంది.
బరువు ముందు అరచేతికి వస్తుందా, మోకాలికా?
నన్నడిగింది. నాకేం తెలుసు,
ఇరవై ఆరేళ్ళుగా లేస్తూనే ఉన్నాను,
ఒక్కసారీ చూసుకోలేదు.

కింద దీపమున్న బల్ల మీద
రెండు కాగితాల మధ్య మూడోది.
పెన్సిలు పొట్టు. చల్లారిన బార్లీ టీ.
పదకొండో దాంట్లో ముసలాయన ఆగాడు,
లేవాలా వద్దా అన్నట్టు.
"ఇది తెర మీద ఎంతసేపు?"
"రెప్పపాటులో సగం,"
అంది, చెరిపేసి మళ్ళీ గీస్తూ.

మరుసటి చలికాలం టికెట్ కొనుక్కుని వెళ్ళాను.
ఆ చోటు వస్తుందని తెలిసి
కళ్ళు పత్తికాయల్లా విప్పుకున్నా
దొరకలేదు.
ముసలాయన లేచి వెళ్ళిపోయాడు.

పేర్లు పైకి పోయాయి, వాటిలో ఆమెది ఎక్కడో.
దీపాలు వెలిగాక ముందు వరసలో
ఊదా స్వెట్టరు ముసలావిడ
అరచెయ్యి మోకాలికి ఆనించి,
ఆగి,
లేచింది.

పదకొండు, అన్నాను పైకే.
పక్కాయన నా వంక అదోలా చూశాడు.