అంగుళం చెక్క

హీత్రూ వెనక, హౌన్స్లో వైపు తిరిగే రోడ్డు మీద
మా షెడ్డు.
రాత్రి రెండుంపావుకి ఆ పెట్టె వచ్చింది.
కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి,
ముందే చెబుతున్నాను, తర్వాత అందరూ అదే అన్నారు గనక.
అనుమతి ఉంది. ముద్ర ఉంది. కోటా దాటలేదు.
గుడ్డసంచికి ఒకటి చొప్పున
ఎనభై నాలుగు ఊసరవెల్లులు.
పెట్టెకి రెండు పక్కలా చిల్లులు కూడా ఉన్నాయి,
లెక్క ప్రకారం.

లేనిదల్లా అంగుళం మందం చెక్కపట్టీ.
చిల్లుల పక్కన, బయట, రెండు మేకులతో కొట్టేది.
పక్క సరుకు వచ్చి ఒరుసుకుని
ఆ చిల్లుల నోరు మూయకుండా
ఎడం పెట్టేది.
అది లేదు.
రెండు వైపులా ఎవరి బాత్‌రూమ్‌కో వెళ్తున్న టైల్స్.
పదకొండు గంటలు.

గ్లెనిస్ సంచుల ముళ్ళు విప్పుతోంది.
ముప్ఫై ఏళ్ళ పశువైద్యం, చేతులు తొందరపడవు.
"ఉంది", "లేదు", "లేదు", "ఉంది" అంటోంది
బళ్ళో హాజరు పిలిచినట్టు.
నేను గీతలు గీస్తున్నాను.
ఫారంలో రెండే గళ్ళు.
సాల్ఫోర్డ్‌లో ఒక గాజుపెట్టెకి
అసలు ఇవి ఎందుకు అనే గడి లేదు.
నలభై ఒకటో సంచి దగ్గర ఆమె ఏమీ అనలేదు.
దీపం కిందికి తీసుకుంది. చాలాసేపు చూసింది.
"దీన్ని ఎటు రాయను?" అన్నాను.
"ఆగు," అంది.

మా ఇంట్లో మాట తప్పినవాణ్ణి
ఊసరవెల్లి అనేవాళ్ళు.
మేనమామ ఎన్నికల ముందు జెండా మార్చినప్పుడు
తొండ ముదిరిందని
అమ్మమ్మ నెల్లాళ్ళు అతనికి మజ్జిగ పొయ్యలేదు.
గ్లెనిస్ చెప్పింది,
పక్కనున్న ఆకుని చూసి మారేది కాదట అది.
చలికి ఒక రంగు, భయానికి ఒకటి, పోట్లాటకి ఒకటి.
అంటే లోపలిది దాచుకోవడం చేతకానిది.
ఇన్నాళ్ళూ ఎవరి పేరు ఎవరికి పెట్టామో!
ఆ రాత్రి బల్ల మీద
అన్నీ ఆరిన పొయ్యిలో బొగ్గు రంగే.

పొద్దున్నే దిగుమతిదారు ఫోను. స్ట్రెటన్ అట, మర్యాదస్తుడు.
"ఎన్ని మిగిలాయి?"
ఆ గొంతూ రాత్రి నిద్రపోలేదు.
"ఒక్క చెక్కముక్క కదండీ," అన్నాడు.
"అవును," అన్నాను, "చెక్కముక్కే."

జరిమానా ఎంతో చెబితే నవ్వుతారు.
చెప్పను.

నలభై ఒకటోది మూడో రోజున
నా చూపుడువేలు పట్టుకుంది,
అటు రెండు వేళ్ళు, ఇటు మూడు,
పట్టకారులా.
ఒక కన్ను నా మీద, ఒక కన్ను తలుపు మీద.
మెడ దగ్గర కాస్త పచ్చన.
అప్పుడు గీశాను గడిలో గీత.
ఎనభై నాలుగులో పంతొమ్మిదో గీత అది.

మరుసటేడు మార్చిలో అదే ఊరినుంచి ఇంకో పెట్టె.
మూత జోలికి పోకుండా ముందు పక్కలు తడిమాను.
చెక్కపట్టీ ఉంది.
రెండు చాలేచోట మూడు మేకులు,
ఒకటి వంకరపోతే
కొట్టినవాడు మళ్ళీ సుత్తితో పక్కకి అణిచేశాడు.
ఎవరో, ఎండలో, విసుక్కుంటూ,
ఎందుకో తెలియకుండానే కావచ్చు.
చేతికి గరుకుగా తగిలింది.
లోపల సంచులు కదులుతున్నాయి.