మింగరాదు

ట్యూబు వెనక అక్షరాలు చీమ తలకాయలంత.
బియ్యెస్సీ రెండో ఏడు చదివే కళ్లు గనక
నేనే చదవాలి.
జీడి బట్టీ నుంచి వచ్చి వేళ్లు చూసుకుంటూ అమ్మ,
నిప్పు లోపలికి పెట్టుకున్న అడ్డపొగ తియ్యకుండానే నాన్నమ్మ.
నాన్న వింటున్నాడో లేదో.
పలాసలో రక్తం కడిగించుకొచ్చిన రోజు
గోడకేసి తిరిగి పడుకుంటాడు.

కాల్షియం కార్బొనేట్ అన్నాను.
ముగ్గుపిండికి చుట్టమే నాన్నమ్మా.
"ఓలమ్మో, ముగ్గెట్టి తోంతన్నారేటే పళ్లు!
నా బూడిదేటి పాపం సేసినాది?"

సిలికా, ఇసకకి చెల్లెలు.
లారిల్ సల్ఫేట్, నురగ. షాంపూలోనూ అదే.
సాకరిన్, చక్కెర కాని తీపి.
అందుకే తమ్ముడు త్రినాథు చిన్నప్పుడు
వేలితో తీసి నాకి దెబ్బలు తినేవాడు.
ఆరేళ్లలోపు వాళ్లకి బఠాణీ గింజంత,
పెద్దలు పక్కనుండాలి, మింగరాదు.

అడుగున నల్ల గీతుంటే విషమంట, అంది
ఎదురింటి దమయంతత్త.
విషం కాదత్తా,
ఎక్కడ కొయ్యాలో మిషను చూసుకునే గుర్తు.
నమ్మలేదు.
మా బోరునీళ్లనే నమ్మాం ఒకప్పుడు,
ఇంక దేన్ని నమ్ముతాం.

ఫాస్ఫేట్ దగ్గర నాలుక ఆగింది.
నాన్నకి వద్దన్న చీటీలో ఉందా మాట,
పాలు, పప్పు, ఎండుచేపల పక్కన.
డయాలసిస్ గదిలో హేమసుందర్ని అడిగితే
సూది మీద టేపు అంటిస్తూ నవ్వాడు:
"మింగరు గదా తల్లీ. ఉమ్మీడానికే గదా అది."

సార్బిటాల్ మాత్రం పైకి చదవలేదు.
తడిని పట్టి ఉంచేది, ముద్ద ఎండిపోకుండా.
నాన్న పాదాలు చూశాను.
వేలితో నొక్కితే సొట్ట పడి
చాలాసేపు సొట్టగానే ఉండే పాదాలు.

ఎన్ని పనులు చేస్తుందో ఈ ఇంట్లో.
జీడిపిక్కల నూనె నలుపుకి
ఆముదం, బూడిద అన్నీ అయ్యాక
అమ్మ పేస్టు రుద్దుతుంది. నలుపు పోదు.
అన్నం కలిపిన ముద్దకి మాత్రం పుదీనా వాసన.
త్రినాథు బండి హెడ్‌లైటు మసక తుడుస్తాడు.
క్యాలెండరు మేకు ఊడిన కన్నంలో నేను కూరాను,
గోడకి పాలపన్ను మొలిచినట్టుంది.
నిప్పురవ్వ పడిన చోట నాన్నమ్మ రాయబోతే
చెయ్యి పట్టుకున్నాను.
కాలిన చోటికి నీళ్లే మందు, ఇది కాదు.

నీళ్లు.
నాన్నకి రోజుకి ముప్పావు లీటరు,
మాత్రలు మింగే గుక్కలతో కలిపి.
కొబ్బరికాయలు దింపిన మనిషి,
చెట్టు మీదే బొండాం కొట్టుకుని
గొంతు తడుపుకుని దిగిన మనిషి.
ఇప్పుడు బొండాం కూడా ఆ చీటీలోనే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి,
తోటలో ఆకు కదలని వేళ,
లేచి కూర్చుని బ్రష్షు అడుగుతాడు.
పొద్దుట్నించి నాలుగోసారి.
దాహానికి పళ్లు తోముకుంటాడు మా నాన్న.
ఆ సల్లదనం నాలిక మీదున్నంతసేపూ
నూతి గట్టు మీద కూకున్నట్టుంటాదంటాడు.

పుక్కిలించడానికి సగం గ్లాసు ఇస్తుంది అమ్మ.
ఉమ్మడానికి ఇంకో గ్లాసు.
రెండూ పక్కపక్కన పెట్టి
కొట్లో నూనె కొలిచినట్టు చూస్తుంది.
"లెక్క సూసుకో," అంటాడు నురగ మూతితో.

నిన్న రెండు గుక్కలు తగ్గింది.
అమ్మ చూసింది. నేనూ చూశాను.
నాన్న అప్పటికే గోడకేసి తిరిగిపోయాడు.
అమ్మ గ్లాసులు కడిగి బోర్లించి
నొక్కి నొక్కి పలచనైన ట్యూబుని కత్తెరతో నిలువునా కోసి
లోపల అంటుకున్నది వేలితో తీసి
నల్లటి చేతులకి రాసుకుంటూ,
"ఇంకేటి రాసున్నాది, సదువు" అంది.