ఓదెలు దళం

ఎనుమాముల కోల్డ్ స్టోరేజీల రాత్రి డ్యూటీ.
మిర్చి ఘాటు గోడలకే కాదు
ఫోన్ అద్దానికి గూడ పట్టింది.
రుద్దిన వేలు మరిచి కన్ను నలుపుకుంటే
కోట కాసేపు మసక.

నా రాజ్యం పగిలిన అద్దం మీద.
ఎడమ మూలన ఆ పగులు ఏరు లెక్క పారుతది,
దానికి వంతెన కట్టుడు నాతోని కాలే.
మూడు గుట్టలు, రెండు రాగి గనులు,
ఇంకా పొదగని నాగుపక్షి గుడ్డొకటి,
నాలుగు వందల ఎనభై మంది బల్లెపోళ్లు.

సైన్యం కట్టుడంటే మొదలు కత్తి కాదు.
మొదలు గింజ.
ఈ సంగతి నాకెవ్వలు జెప్పలే.
పదేండ్లు కాంటా కాడ నిలబడ్డోనికి
బస్తాను చూస్తెనే
అది ఎన్ని నోళ్లకు ఎన్నొద్దులో తెలుస్తది.
అవతలి రాజు ఏ ఊరోడో, గద్ద జెండా వానిది,
గుర్రాలు కొన్నడు, మళ్ల గుర్రాలే కొన్నడు,
పన్నెండో పొద్దుకు మేత ఒడిసి
వాని గుర్రాలు వాని మీదికే తిరగబడ్డయి.
నాకు నవ్వాగలే.
వాచ్‌మెన్ యాకయ్య నోట్లె బీడీ తీసి
ఏమాయెరా అన్నడు.
గెలిచిన.
ఎంతొచ్చింది? అన్నడు.

దళాలకు పేర్లు పెట్టుమంటది ఆట.
నాకు నోటికొచ్చే పేర్లు హమాలీలవే.
ముందట ఓదెలు దళం.
కుడి దిక్కు మొగిలి దళం.
మోకాలు వంగని సదానందాన్ని
విల్లిచ్చి గుట్టెక్కించిన.
తాలుకాయ ఏరే లచ్చవ్వను
మంత్రగత్తెను జేసిన,
ఆమె చెయ్యెత్తితే నిప్పుల వాన.
తెలిస్తే చాటతోని కొడుతది.

పగటిపూట వీళ్లకు నేనిచ్చే హుకుం ఒక్కటే:
పక్కకు పెట్టు.
వాళ్లు నాకిచ్చేది ఒక్కటే:
సక్కగ చూడు, అంకె ఇంక ఆగలే.

రాత్రి రెండు గొట్టంగ
గద్ద జెండా కనుమ దాటింది.
కంప్రెసర్ గుర్రుమంటుంది, అమ్మోనియా వాసన,
గాజుగ్లాసుల చాయ మీద మీగడ.
ముసలి సేనాని బొమ్మ తెర మీదికొచ్చి
సలహా ఇస్తడు:
బల్లెం ఖరీదు ముప్పై గింజలు,
గుర్రం ఖరీదు మూడు వందలు,
ముందటి దళాన్ని ఎరగ పెట్టు.
లెక్క తప్పు లేదు.
నేను జెప్పినా అదే జెప్పేటోన్ని.
ఓదెలు దళం మీద వేలు పెట్టిన.
నిశ్చయమేనా? అని అడిగింది ఆట.
అవును. కాదు.

పోయిన మార్చిల
పన్నెండో వరుస మీదికెళ్లి జారిపడ్డడు ఓదెలు,
నెట్టంత కూలి మీద పడ్డది.
మూడొద్దులు రాలే.
కూలి కోసి రాయి అన్నడు సేటు.
కంప్యూటర్ల సున్నా కొట్టిన, మూడు సార్లు.
అది గూడ నన్ను ఏదో అడిగింది అప్పుడు,
నిశ్చయమేనా అన్నట్టే ఉండె.
నేను చదవలే,
ఎంటర్ మీద వేలుండె.

కాదు మీద నొక్కిన.
వెనుకకు రమ్మన్న అందరిని,
ఏరు లేని దిక్కుకు, గనులిడిసి, గింజ ఇడిసి.
సదానందం దిగుతనే లేడు గుట్ట.
ఏడు నిమిషాలల్ల కోట కాలింది.
గుడ్డు పోయింది.
నాలుగు వందల ఎనభై మంది
ఎక్కడనో అడివి అంచుకు నిలబడి
నా దిక్కు చూస్తున్నరు, ఆకలికి.
యాకయ్య మల్ల అడిగిండు,
నేను ఫోన్ బోర్లేసిన.

ఆరింటికి లారీ.
మొదటి బస్తా ఓదెలుదే.
ఇప్పటికి ఎడమ కాలు కొంచెం ఈడుస్తడు.
నిద్ర లేదా, కండ్లు గట్లున్నయి? అన్నడు.
మిర్చి, అన్న.
బస్తా కాంటా మీద పడ్డది,
దుమ్ము లేచింది, ఇద్దరం దగ్గినం.
నలభై రెండు ఆరు వందలు, అన్న.
ఆగినంక చెప్పు, అన్నడు.

ఆగేదాక చూసిన.
నలభై మూడు.