ఒక్క రొట్టె మనిషి

కుతాయిసిలో, రియోనీ నదికి రెండు వీధులివతల
నా రొట్టెల కొట్టు నేలమాళిగలో ఉంటుంది.
కిటికీ మాత్రం కాలిబాటతో సమానం.
ఇరవయ్యేళ్లుగా నాకీ ఊరు
మోకాళ్ల దాకానే తెలుసు.

మట్టి పొయ్యి లోగోడకి పిండి చరుస్తూ
ఓరకంట బూట్లు చూస్తాను.
మడమలరిగిన నల్లబూట్లకి ఐదు రొట్టెలు. పిల్లలకోడి.
ఎర్రతోలు బూట్లకి రెండు. కొత్త కాపురం.
నెల తిరక్కుండా ఆ రెండూ ఒకటైతే
అయ్యో అనుకుని
ఆ ఒక్కటీ దోరగా కాలింది వెతికిచ్చాను.
మొగుడు లావవుతున్నానని రొట్టె మానేశాడట, అంతే.
అయినా నాకు బుద్ధి రాలేదు.
ఎన్ని కావాలని ఎవర్నీ అడిగి ఎరగను.
అడగక్కర్లేకపోవడమే పనితనమనుకున్నాను.

ఒక బూటుకి నల్ల తాడు, ఇంకోదానికి గోధుమరంగు తాడు.
అది జుంబెర్.
రోజూ సాయంత్రం ఆరింటికి, ఒక్కటంటే ఒక్క రొట్టె.
పెళ్లాం వదిలి వెళ్లి తొమ్మిదేళ్లు.
అతని ఒంటరితనాన్ని వీధంతా వంతులేసుకుని మోసింది.
మందుల షాపావిడ పుల్లటి ప్లమ్ పచ్చడి పంపేది,
తాళాలు బాగుచేసేవాడు తన మరదలి ఊసెత్తేవాడు,
నేనేమో అతని రొట్టె మీద
చిటికెడు ఉప్పు ఎక్కువ చల్లేవాణ్ణి.
ఒంటరివాడి నాలుక చప్పబడిపోతుందని
నాకెవరు చెప్పారో!

ఫిబ్రవరిలో మంచు పడి
నా కిటికీ తెల్లగా మూసుకుపోయింది.
మూడు రోజులు రెండు రంగుల తాళ్లు రాలేదు.
కోటు లోపల వేడి రొట్టె దోపుకుని
నాలుగంతస్తులెక్కాను.
పోయి పడుంటాడనే అనుకున్నాను, దాచడమెందుకు.

ఎవరో కుర్రాడు తలుపు తీశాడు.
గది నిండా మనుషులు, ఆవిరి, అరుపులు.
వదిలి వెళ్లిన ఇయామ్జె పాచికలు విసురుతోంది,
ఆమె రెండో మొగుడు రెజో ఓడిపోతున్నాడు,
ఇంకో పిల్లాడు సోఫా మీంచి దూకుతున్నాడు,
జుంబెర్ పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిప్పుతున్నాడు.
కిటికీ పక్క కుర్చీలో ముసలమ్మ, బాబుత్సా,
నా కోటు వాసన పట్టి చెయ్యి చాపింది.

"మేమంతా మొక్కజొన్న తినేవాళ్లం," అన్నాడు జుంబెర్.
"గోధుమ రొట్టె మా అత్తగారొక్కదానికే.
ఉప్పు ఎక్కువైందని రోజూ నన్ను తిడుతుంది."

అత్తగారా? అన్నాను.

"విడాకులిచ్చింది కూతురు.
తల్లి ఇవ్వలేదుగా."

ముసలమ్మ రొట్టె కొన తుంపి నోట్లో వేసుకుంది.
"పొయ్యి దగ్గర అబ్బాయివి నువ్వేనా?
మీ ఆవిడ పోయి ఎన్నాళ్లయింది నాయనా?
పేరు తెలీదు కదా,
రొట్టెలవాడి భార్య అని చెప్పి
ఏటా ఈస్టర్‌కి కొవ్వొత్తి వెలిగిస్తున్నాం."

నాకు పెళ్లే కాలేదు.
తెల్లవారుజామున రెండింటికి, పిండి పొంగే వేళ,
పక్కన ఎవరూ లేకపోవడం నాకిష్టం.
కారణం అంతకన్నా లేదు.
పైనుంచి చూసేవాళ్లకి నా బట్టతలా, నల్లచొక్కా కనిపిస్తాయి.
నల్లవి చవగ్గా దొరికితే
ఒకేసారి ఆరు కొన్నాను.

పాచికలాగాయి.
"మరి అన్ని కొవ్వొత్తులూ ఎవరికి ముట్టినట్టు?"
అందరం నవ్వాం, ఆవిడ తప్ప.
ఆవిడ డబ్బులు లెక్కేసుకుంటోంది.

మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది,
అన్నం తినే దేశాల్లో
ఒక్క మెతుకు పట్టి చూసి కుండంతా ఉడికిందంటారట.
కుండ ఎవరిదో, ఎందరికో
ఆ మెతుకేం చెబుతుంది?

మంచు కరిగింది. బూట్లు తిరిగొచ్చాయి.
ఇప్పుడు తల బయటపెట్టి అడుగుతున్నాను:
"ఎన్ని?"
"పన్నెండేళ్లుగా కొంటున్నా, తెలీదా నీకు?"
అని విసుక్కుంటారు నల్లబూట్లవారు.
తెలీదండీ, అంటాను.
మెడ నొప్పి పుడుతోంది, పైకి చూసి చూసి.